చుట్టింటి మీద తెరచాప

గోగునార కోసం బుల్లమ్మా, ఆమె మొగుడు దాలయ్యా ఏటా వైశాఖంలో ఒకసారి సముద్రపొడ్డు వదిలి కొండ వైపు నడిచేవారు. తెప్పలకీ వలలకీ తాళ్ళు పేనుకోవడానికి నార భోగాపురం సంతలోనూ దొరుకుతుంది. కానీ గురమ్మ ఇంట్లో నార ఉండగా సంతలో కొంటే గురమ్మ ఊరుకోదు. నెలల తరబడి మాట్లాడకుండా కూర్చుంటుంది.

ఇద్దరూ నేస్తాలు. చిన్నతనంలో విజయనగరం అమ్మవారి పండగలో, జనం తొక్కిడిలో తప్పిపోయి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డారు. వెతుక్కుంటూ వచ్చిన పెద్దవాళ్ళు ఆ చేతులు విడదీయబోతే ఇద్దరూ ఇంకా గట్టిగా ఏడ్చారట. సరేలెమ్మని అక్కడే పసుపు రాయించి, తమలపాకులు మార్పించి నేస్తం కట్టించేశారు. ఒకరిది చేపలు పట్టే ఇల్లు, ఒకరిది మెట్ట వ్యవసాయం. అయినా ఆ రోజు నుంచీ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. నేస్తమంటే నేస్తమే.

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి. ఉగాది వెళ్ళాక చినుకన్నది లేదు. బుల్లమ్మ తలమీద ఎండు నెత్తళ్ళ చేపల గంపతో, దాలయ్య భుజాన ఖాళీ కావడితో ఎండ ముదరకముందే గురమ్మ ఇల్లు చేరారు.

ఆ ఇల్లు ఊరికి ఎడంగా, కొండ మొదట్లో, చేల మధ్య ఒంటరిగా ఉంటుంది. గురమ్మ మామగారు కట్టిన చుట్టిల్లు. గుండ్రని మట్టిగోడ, మధ్యలో కప్పుని మోసే పెద్ద నిట్టాడు, దాని కొసనుంచి గొడుగులా జారిన తాటికమ్మల కప్పు. చూరు మోకాలెత్తుకు దిగి ఉంటుంది. గుమ్మం దగ్గర కాస్త పైకి ఉన్నా, ఎంతటివాడైనా నడుం వంచి లోపలికి వెళ్ళాల్సిందే. తుపాను గాలులకి లేచిపోకుండా ఆ పక్క ఇళ్ళన్నీ అలాగే కడతారు. గురమ్మ మొగుడు అప్పలసూరి మాఘమాసంలోనే పాత కమ్మలన్నీ తీసేసి కొత్తవి కప్పాడు. కమ్మ మీద కమ్మ, ఎక్కడా వెలుతురు చొరబడకుండా కుట్టాడు. ఎవరు వచ్చినా ముందు ఆ కప్పు చూపించి, ఆ తర్వాతే మంచినీళ్ళిమ్మనేవాడు. ఆ రోజూ అదే చేశాడు.

"ఎలాగున్నాది దాలీ?"

"నీటి సుక్క దిగదన్నా. తెప్ప లాగున్నాది," అన్నాడు దాలయ్య.

ఇంటి వెనక కల్లం. కల్లం దాటితే చోళ్ళు, అంటే రాగులు, కోసేసిన చేను. ఆ చేను దాటగానే కొండ ఎత్తు మొదలవుతుంది. ఎత్తు పొడుగునా నడుమంత బోదగడ్డి. ఏటా ఊళ్ళోవాళ్ళు దాన్ని కోసుకుపోయేవారు. ఆ యేడు గడ్డి కొయ్యబోయిన మనిషి పాము కరిచి చనిపోవడంతో ఎవరూ అటువైపు తొంగి చూడలేదు. గడ్డి కోత పడక, పశువులు మేయక, నిలువునా ఎండి తెల్లబడిపోయింది.

ఆ రోజు ఊళ్ళో జనం కూడా లేరు. పక్క ఊళ్ళో పెళ్ళికి బళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. ఆవు ఈనేలా ఉందని అప్పలసూరి ఉండిపోయాడు. అతను ఉన్నాడని గురమ్మా, వాళ్ళిద్దరూ ఉన్నారని ముసలి అత్త తవిటమ్మా ఉండిపోయారు.

అంబలి తాగి, కాల్చిన నెత్తళ్ళు నంజుకుని, ఆడవాళ్ళిద్దరూ పశువులశాల నీడలో కూర్చుని నార చిక్కు తీస్తున్నారు. ఇంటి కబుర్లయ్యాయి, పెళ్ళివారి కబుర్లయ్యాయి. మాట మధ్యలో బుల్లమ్మ తలెత్తింది.

"నేస్తం, ఏదో కాల్తన్న వోసన రాలేదేటి నీకు?"

"కొండకవతల పోడు కాలుస్తన్నారేమో. ఈ రోజుల్లో రోజూ ఉన్నదే," అంది గురమ్మ చేతిలో నార వదలకుండానే.

కానీ దాలయ్య అప్పటికే లేచి నిలబడ్డాడు. గాలి ఎటు తిరిగితే అటు తల తిప్పడం సముద్రం మీద బతికేవాళ్ళకి అలవాటు. కొండ వెనకనుంచి లేచిన పొగ పైకి పోవడం లేదు. శిఖరం మీదుగా వంగి వీళ్ళవైపు వాలుతోంది.

"అన్నా, గాలి పడమరది. బిగిసింది. ఆ పొగ మనకేసి వొంగుతన్నాది సూడు."

అప్పలసూరి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "పైన రాళ్ళున్నాయిరా దాలీ. నిప్పు ఆ రాళ్ళకాడ ఆగిపోతాది. మా నాన్న కాలం నించీ ఆగుతానే ఉన్నాది."

అతను ఆ మాట అన్నాక కాసేపు నిజంగానే ఏమీ కాలేదు. తర్వాత ఏట్రింత పిట్టలు గుంపులుగా వచ్చాయి. గడ్డిలోంచి లేస్తున్న పురుగుల్ని పట్టుకు తింటూ కిందికి కిందికి వస్తున్నాయి. వాటి వెనక, రాళ్ళకి రెండు పక్కలా, కొండ భుజం మీద సన్నటి ఎర్రగీత కనబడింది. గీత చూస్తూ ఉండగానే పొడుగైంది. ఎండు కొమ్మలు విరుస్తున్నట్టు చిటపటలు వినబడ్డాయి.

 అప్పలసూరి శాలలోకి పరిగెత్తి ఎడ్లని విప్పాడు. కాడి వేశాడు, నాగలి తగిలించాడు.

"దాలీ, రా! గడ్డికీ సేనుకీ మద్దెన సాళ్ళు తోలీసెద్దాం. మట్టి లెగిస్తే నిప్పు దాటదు."

"నాకు ఎడ్లు తెలవ్వన్నా."

"నీకేటీ తెలక్కర్లేదు. ముక్కుతాడట్టుకుని ముందు నడు. నాగలి నానట్టుకుంతాను."

ఇద్దరు మగవాళ్ళూ ఎడ్లని తోలుకుని కల్లం దాటి పోయారు. గురమ్మ అత్తగారిని లేపింది. తవిటమ్మకి కళ్ళు మసకలే గానీ కాళ్ళు గట్టివి. నిండు చూలు ఆవు పలుపు ఆమె చేతికిచ్చి, "అత్తా, గెడ్డలోకి దిగిపో. ఇసకలో కూకో. నాను పిలిస్తేనే రా," అంది. ముసలామె ఏమిటని అడగలేదు. పొగ వాసన ఆమెకీ తెలిసింది. నీళ్ళు లేక ఎండిన ఆ వాగు ఇంటికి సముద్రం వైపున, కేక వినబడేంత దూరంలో ఉంది. ఆవు ఒక్కో అడుగే వేస్తుంటే దాన్ని బుజ్జగిస్తూ పోయింది.

తర్వాత ఆడవాళ్ళిద్దరూ నూతి దగ్గరికి పరిగెత్తారు. వేసవి నుయ్యి. చేద అడుక్కి తగిలి సగం నీళ్ళు, సగం బురద పైకి వచ్చాయి. మళ్ళీ వేస్తే ఇంకా బురదే. కల్లంలో ఉన్న గడ్డిమేటు మీద నాలుగు కడవలు పోసేసరికి చేదలో మట్టి తప్ప ఏమీ రావడం లేదు. కాసేపాగితే గానీ ఊరదు.

బుల్లమ్మ కప్పు వైపు చూసింది. పొద్దున్న ముచ్చటగా కనబడ్డ చూరు ఇప్పుడు నేలమీదికి వేలాడుతున్న ఎండు ఈనెల్లా కనబడింది. నేలమీద పాకివచ్చిన నిప్పు మోకాలెత్తు లేస్తే చాలు, అందుకుంటుంది.

"నేస్తం, ఈ నీళ్ళతో కప్పు తడవదు. కొండేపు కమ్మలు దించీసెద్దాం."

గురమ్మకి అర్థం కాలేదు. "దించీడమేటి?"

"ఇప్పీడమే. మా పేటలో ఇళ్ళన్నీ సూరుకి సూరు తగిలి ఉంతాయి. ఓ ఇల్లంటుకుంతే ముందు దాని పక్కింటి కప్పు లాగీస్తాం. కప్పు పోతే మళ్ళీ ఏసుకుంతాం. గోడలుంతాయి, గింజలుంతాయి."

గురమ్మ చేను వైపు తిరిగి గొంతెత్తి మొగుణ్ణి పిలిచింది. బుల్లమ్మ చెప్పినమాట అరిచి చెప్పింది. నాగలి ఆపకుండానే అప్పలసూరి వెనక్కి తిరిగి కేకవేశాడు.

"కప్పు జోలికెల్తే సేతులిరగ్గొడతాను! మాఘంలో ఏసినాను. నిప్పు ఇక్కడిదాకా రాదు. నానాపుతాను!"

గురమ్మ చేద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. బుల్లమ్మ చేతిలో కడవ కింద పెట్టింది. ఎంత నేస్తమైనా ఆ ఇల్లు తనది కాదు. మొగుడి మాటకి గురమ్మ ఎదురు చెప్పడం ఇన్నేళ్ళలో తను ఎప్పుడూ చూడలేదు. ఏ చీర కట్టాలో, ఏ పండక్కి వెళ్ళాలో అన్నీ అప్పలసూరి చెప్పినట్టే జరిగేవి. గురమ్మకి అందులో కష్టమున్నట్టు కూడా కనబడేది కాదు.

పైనుంచి కాలిన గడ్డిపోచలు రాలడం మొదలైంది. చాలావరకు నల్లటి మసే. కానీ ఒకటి ఎర్రటి కొసతో తిరుగుతూ వచ్చి కల్లంలో పడింది. అక్కడ చెదిరి ఉన్న చొప్ప పుల్ల ఒకటి రాజుకుంది. గురమ్మ పరిగెత్తి దాన్ని కాలితో నలిపేసింది. తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయింది.

"ఎక్కు నేస్తం."

"బావ ఏటంతాడో మరి?"

"బావకి నాను సెప్పుకుంతాను. నువ్వెక్కు బేగి."

బుల్లమ్మ చీర గోచీపెట్టి బిగించి, నడుముకి కొడవలి దోపుకుని ఎక్కింది. తెప్ప మీద పుట్టి పెరిగిన కాళ్ళు. కప్పు కట్టిన నారకట్లు ఒక్కొక్కటీ కోస్తూ కమ్మలు కిందికి తోస్తుంటే గురమ్మ వాటిని లాగి గెడ్డ వైపు ఈడ్చి పారేసి మళ్ళీ వచ్చేది. మొదట్లో బుల్లమ్మ కట్లు జాగ్రత్తగా కోసింది, మళ్ళీ పనికొస్తాయని. ఆ తర్వాత ఆ ఓపిక లేకపోయింది. రెండు చేతులా పట్టి పెరికేసింది. ఈనెలు చేతులు కోశాయి. దుమ్మూ తేళ్ళూ ఎలకపిల్లలూ రాలిపడ్డాయి. కొత్త కమ్మల పచ్చివాసన ఇంకా పోలేదు. అది ముక్కుకి తగిలినప్పుడల్లా బుల్లమ్మకి అప్పలసూరి ముఖం గుర్తొచ్చేది.

పైనుంచి అంతా కనబడుతోంది. కొండ ఈ కొస నుంచి ఆ కొసదాకా పొడుగాటి మంట. ఎత్తుగా లేదు, కానీ ఎక్కడా తెగలేదు. దాని వెనక కొండ నల్లగా పొగలు కక్కుతోంది. దాని ముందు ఇద్దరు మనుషులూ రెండు ఎడ్లూ. దాలయ్య వెనక్కి నడుస్తూ ఎడ్లని లాగుతున్నాడు. అతని వీపు నిప్పు వైపుంది. ఒకసారి పొగ కమ్మేసి ఎవరూ కనబడలేదు. బుల్లమ్మ కొడవలి పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏటైనాది?" కిందనుంచి గురమ్మ అడిగింది.

"కనపడ్డం లేదు."

పొగ తొలగేసరికి ఒక ఎద్దు కాడి విడిపించుకుని చేనుకి అడ్డంపడి పారిపోతోంది. రెండోది నాగలిని ఈడ్చుకుంటూ గింగిరాలు తిరుగుతోంది. అప్పలసూరి దాని పలుపు కోసి వదిలేశాడు. ఇద్దరూ పచ్చి జీడిమామిడి కొమ్మలు పట్టుకుని చాళ్ళ వెంబడి నిలబడ్డారు. బుల్లమ్మ మళ్ళీ పని మొదలుపెట్టింది.

మంట చాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. మట్టి లేచినచోట దానికి తిండి దొరకలేదు. కానీ నాగలి ఆగిపోయినచోట, ఎద్దు పారిపోయిన కొసన, మట్టి లేవలేదు. అక్కడ కోసేసిన చోళ్ళ మోళ్ళు పట్టుకుని నిప్పు ఇవతలికి దూకింది. సన్నటి నాలుకలా కల్లం వైపు పాకివచ్చింది.

బుల్లమ్మ కప్పుమీదనుంచి జారి దూకింది. కొండవైపు కప్పంతా, చుట్టూ చూరంతా అప్పటికి ఊడిపోయింది. సముద్రం వైపు పైభాగం మాత్రం మిగిలింది. నూతిలో ఊరిన నీళ్ళు గురమ్మ దానిమీదే పోసింది. మిగిలిన బురదలో గోనెలు ముంచి ఇద్దరూ కల్లంలోకి పరిగెత్తారు. గోనెతో కొడితే నిప్పు చచ్చేది, పక్కన మళ్ళీ లేచేది. కొట్టినచోటే మళ్ళీ కొట్టారు. గురమ్మ చీర చెంగు అంటుకుంటే బుల్లమ్మ దానిమీద గోనె వేసి నొక్కింది. దాలయ్యా అప్పలసూరీ అటునుంచి కొడుతూ వచ్చారు. నలుగురూ ఒకేచోట చేరేసరికి ఎవరి ముఖమూ ఎవరికీ గుర్తుపట్టేలా లేదు.

అప్పుడు గాలి చచ్చిపోయింది. ఒక్క క్షణం పొగ నిటారుగా నిలబడింది. తర్వాత వీపులకి చల్లగా తగిలింది. ఉప్పు వాసన.

"సముద్రపు గాలి," అన్నాడు దాలయ్య. కొమ్మ కిందపడేసి నేలమీద కూలబడ్డాడు.

మంట కొండవైపు వాలి, తను కాల్చేసిన నల్లనేల మీద పడి, కాల్చడానికేమీ లేక ఆరుతూ పోయింది. చాళ్ళ పొడుగునా మిగిలిన చిన్న చిన్న మంటల్ని అప్పలసూరి ఒక్కడే తిరిగి తిరిగి చంపాడు. అంతా అయ్యాక ఇంటి వైపు తిరిగాడు.

 సగం ఎముకలు తేలిన ఇల్లు. వాసాల మధ్యనుంచి లోపలి కుండలూ, గాదెలూ, తల్లి మంచం అన్నీ ఎండలో కనబడుతున్నాయి. గెడ్డ దాకా కమ్మలు చిందరవందరగా పడున్నాయి. ఒకటి తీసి చూశాడు. చీలిపోయింది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే.

"ఇల్లు నిలబడింది బావ," అంది బుల్లమ్మ.

"నిలబడిందేటి? ఇదేనా నిలబడ్డం?" అప్పలసూరి ఆమెవైపు చూడలేదు. "అటేపు ఒగ్గేసిన కమ్మలు అంటుకున్నాయేటి? లేదు గదా. ఇవీ అంటుకోకపోను."

"వాటి మీద నీళ్ళు పోసాం బావ. అవి కొండేపు కావు."

"సాయంకాలానికి సముద్రపు గాలొస్తాదని మీకు తెలీదేటి? సముద్రపోల్లు గదా మీరు!"

ఆ మాటకి దాలయ్య తలెత్తాడు. "వస్తాదని తెలుసన్నా. ఎప్పుడొస్తాదో తెలీదు. అది రాకపోతే నడిసముద్రంలో ఎండకి ఎండుకుంటా పడుంతాం మేం."

"నానే ఇప్పించినాను," అంది గురమ్మ. "దానినేటీ అనకు. నన్నను."

అప్పలసూరి చేతిలో కమ్మ పడేశాడు. పారిపోయిన ఎడ్లని వెతకడానికి చేలల్లోకి వెళ్ళిపోయాడు.

గెడ్డలోంచి తవిటమ్మా ఆవూ నెమ్మదిగా తిరిగివచ్చారు. ముసలామె చూరు తగులుతుందని అలవాటుగా వంగి లోపలికి వెళ్ళింది. తలెత్తితే ఆకాశం. "ఓలమ్మో!" అని గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

బాగున్న కమ్మలు ఏరి ఒకవైపు పేర్చి, నార తీసుకోకుండానే బుల్లమ్మా దాలయ్యా ఇంటిదారి పట్టారు. గురమ్మ ఇస్తానన్నా బుల్లమ్మకి తీసుకోబుద్ధి కాలేదు. సగం దారిలో దాలయ్య ఆగి వాయవ్యం వైపు చూశాడు. అక్కడ మబ్బు అడుగున నల్లగా, పైన తెల్లగా మేడలా లేస్తోంది.

"రేపు మద్దేన్నానికి గాలివాన."

బుల్లమ్మ చంకలో ఖాళీ గంప పెట్టుకుని అలాగే నిలబడింది. గాదెల్లో చోళ్ళు, కుండల్లో విత్తనాలు, కొత్త కమ్మలు కోసి ఎండబెట్టి కప్పాలంటే పట్టే రోజులు, అన్నీ తలలో తిరిగాయి. నిప్పుకి పోకుండా తను ఆపిన గింజలు తనవల్లే వానకి పోతాయి.

"తెరసాప పట్టుకెల్దాం," అంది.

"ఏటి?"

"మన తెరసాప, మీ తమ్ముడిదీ. రెండూ కలిపితే కొండేపంతా కప్పుతాది."

"నీకు మతిగానీ పోనాదేటే? కవ్వ సేపలు పడే రోజులు. తెరసాప లేకపోతే దేంతో ఎల్తాను?"

"తెడ్డుతో ఎల్లు."

దాలయ్య ఇల్లు చేరేదాకా తిడుతూనే ఉన్నాడు. తిట్టడం అయ్యాక తమ్ముడి ఇంటికి వెళ్ళి అడిగాడు. తమ్ముడు తిట్టినవి కూడా విని, తెరచాప భుజాన వేసుకుని వచ్చాడు.

మర్నాడు బుల్లమ్మా దాలయ్యా కొండకింద చేరేసరికి గాలి స్తంభించి ఉక్కపోస్తోంది. శాలలో ఆవు పక్కన తడి ఆరని దూడ తడబడుతూ నిలబడుతోంది. అప్పలసూరి దాని డెక్కలు గిల్లుతూ కూర్చున్నాడు. కావడిలోంచి దించిన ముదురు రంగు గుడ్డల మూటలు చూశాడు.

"ఏటవి?"

"తెరసాపలు," అన్నాడు దాలయ్య.

"ఇంటికా?"

"గాలికి నిలబడ్డాయి. వానకి నిలబడవేటి?"

అప్పలసూరి మళ్ళీ దూడ వైపు తిరిగాడు. దాలయ్యా బుల్లమ్మా గురమ్మా కలిసి మొదటి తెరచాప పైకి లాగారు. దాలయ్య ఎక్కి కొస తాళ్ళు వాసాలకి చుట్టాడు. కిందనుంచి అదంతా ఓరగా చూస్తున్న అప్పలసూరికి ఇంక కూర్చోబుద్ధి కాలేదు.

"ఒరే, వాసానికి కడితే వాసంతో సహా లెగుస్తాది. నిట్టాడుకి కట్టు!"

"నిట్టాడుకి తాడు సాలదన్నా."

అప్పలసూరి శాలలోకి వెళ్ళి ఒక చేతినిండా గోగునార తెచ్చాడు. తొడమీద పేని, పొడవు చాలేదాకా పేని, పళ్ళతో పట్టుకుని పైకెక్కాడు. తర్వాత ఎవరు చెప్పారని గానీ ఎవరు విన్నారని గానీ లేదు. తెరచాప ఎలా లాగితే బిగుస్తుందో దాలయ్య చెప్పాడు, ఇంట్లో ఏ దూలం గట్టిదో అప్పలసూరి చెప్పాడు. రెండో తెరచాప కట్టి, దాని అంచులమీద పాత కమ్మలు వేసి రాళ్ళు పెడుతుండగా మొదటి గాలి వచ్చింది. దుమ్ము లేచి కొండ కనబడకుండా పోయింది. అందరూ లోపలికి దూరారు.

వాన పెద్దగానే పడింది. తెరచాప ఉబ్బి, కొట్టుకుని, నిట్టాడు కిర్రుమంది. కానీ తాళ్ళు వదల్లేదు. రెండు తెరచాపలు కలిసినచోట నీళ్ళు కారాయి. అక్కడున్న గంటి, అంటే సజ్జ విత్తనాల కుండ చూసుకునేలోపే తడిసిపోయింది. మిగిలినవన్నీ గురమ్మ పొడిమూలకి జరిపింది. ఐదుగురూ గాదెల మధ్య ముడుచుకుని కూర్చున్నారు. తడిసిన తెరచాపనుంచి ఏళ్ళ తరబడి పట్టిన చేపల వాసన దిగి ఇల్లంతా నిండింది.

తవిటమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలె గురమ్మా, నాను ఇంట్లో ఉన్నానేటి, సేపల గంపలో ఉన్నానేటి?"

గురమ్మకి నవ్వు ఆగలేదు. బుల్లమ్మ కూడా నవ్వింది. అప్పలసూరి మాత్రం ముఖం అటు తిప్పుకుని తడిసిన గంటి గింజల్ని చేత్తో తిరగేస్తూ కూర్చున్నాడు.

కొత్త కమ్మలు కోసి, ఎండబెట్టి, కప్పడం అయ్యేదాకా తెరచాపలు అక్కడే ఉన్నాయి. ఆ రోజులన్నీ దాలయ్య తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు. అందరి తెప్పలూ ఒడ్డెక్కి, చేపలు అమ్ముడైపోయాక అతను చేరేవాడు. కవ్వలు మెత్తబడిపోయేవి. బుల్లమ్మ వాటిని ఎండబెట్టేసేది. దాలయ్య తమ్ముడు రోజూ పొద్దున్న గుమ్మం ముందు నిలబడి, "వదినా, నా తెరసాప ఇంకా కొండెక్కే ఉన్నాదేటి?" అని అడిగి పోయేవాడు. 

ఒక ఉదయం బండిమీద గురమ్మా అప్పలసూరీ వచ్చారు. తెరచాపలు మడిచి, పైన బుట్టెడు ముంజెలు పెట్టి తెచ్చారు. దాలయ్య తన తెరచాప విప్పి చూసి నోరు తెరిచాడు. తుమ్మచెక్క ఉడికించి పట్టించిన రంగంతా పోయి, తెరచాప పాలిపోయి, దుప్పటిలా ఉంది.

"ఏటి సేసినారు దీన్ని?"

"ఉతికినాను," అంది గురమ్మ గర్వంగా. "అత్త ఒకటే గోల. బూడిదేసి, రాతిమీద కొట్టి, గెడ్డలో మూడు తడవలు జాడించినాను. ఇప్పుడు వోసన రాదు సూడు."

రంగు లేని తెరచాప ఉప్పునీళ్ళకి నెలల్లో కుళ్ళిపోతుందని ఆమెకి ఎలా తెలుస్తుంది? బుల్లమ్మ మొగుడి వైపు కళ్ళతోనే వద్దని చెప్పింది. దాలయ్య నోరు మూసుకున్నాడు. కానీ అతని ముఖం చూసి అప్పలసూరికి అనుమానం వచ్చింది. దాలయ్యని పక్కకి తీసుకెళ్ళి విషయం రాబట్టాడు. బండికి కట్టిన ఎడ్లు విప్పి నీడకి కట్టేశాడు.

"సెక్క ఎక్కడుంతాది? గాబు ఎక్కడున్నాది? పద."

ఆ పగలంతా ఇద్దరు మగవాళ్ళూ ఒడ్డున రాళ్ళపొయ్యి పెట్టి, పెద్ద గాబులో తుమ్మచెక్క ఉడకబెట్టి, రెండు తెరచాపలూ ముంచి, కర్రలతో తిప్పారు. అప్పలసూరి చేతులు మోచేతులదాకా ఎర్రబడ్డాయి. ఎప్పుడొచ్చినా కొబ్బరిబొండాం తప్ప ఇంకేమీ పుచ్చుకోని మనిషి మధ్యాహ్నం బుల్లమ్మ వడ్డించిన కవ్వల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు.  బుల్లమ్మ మూడోసారి కూడా వెయ్యబోయింది. అతను చెయ్యి అడ్డంపెట్టాడు.

సాయంత్రం తెరచాపలు ఇసకమీద ఆరేశారు. సముద్రపు గాలికి లేచిపోతుంటే గాలివైపు ఉన్న నాలుగు మూలల మీదా ఒక్కొక్కరు చొప్పున నలుగురూ కూర్చున్నారు.

"ఆ రోజు కప్పిప్పకపోయినా నా ఇల్లు నిలబడును," అన్నాడు అప్పలసూరి తన మూలనుంచి.

"నిలబడును బావ. నిలబడకపోను. ఎవులికి తెలుసు?" అంది బుల్లమ్మ.

"నాకు తెలుసు."

"అలాగే."

అతను కాసేపు ఇసక చేతిలోకి తీసి జార్చాడు. "వచ్చే ఏడు ఆ గడ్డి ముందే కోయించేస్తాను. పామున్నా సరే, ఏటున్నా సరే."

"నువ్వెందుకు, నానే కోస్తాను," అంది గురమ్మ. "నేస్తం కూడా వస్తాది. రావేటి?"

"వస్తాను. నువ్వు తెరసాపలు ఉతకనంతే వస్తాను."

పగలంతా మగవాళ్ళు తెరచాపలకి మళ్ళీ రంగు ఎందుకు పట్టించారో గురమ్మకి అప్పుడు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. ఆమె లేచిన మూల గాలికి ఎగిరి దాలయ్య ముఖానికి తగిలింది. అతను తిడుతూ దాన్ని పట్టుకోవడానికి పరిగెత్తాడు.